నాన్నగారి ఫియట్‌ను మళ్లీ రోడ్డెక్కించాలా?

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. సారాంశం ఇది.

ఆమెకు 49 ఏళ్లు. స్కూల్లో లెక్కలు చెబుతారు. నాన్నగారు పొగాకు కంపెనీలో ఆకు కొనుగోలు చూసేవారు. 1983లో కొత్త ప్రీమియర్ పద్మిని కొన్నారు. ఇంట్లో ఎవరూ దాన్ని పద్మిని అనరు, ఫియట్ అంటారు. సీజను వచ్చిందంటే చిలకలూరిపేట, ఒంగోలు, కందుకూరు అన్నీ ఆ కారులోనే తిరిగేవారు. ఏటా శివరాత్రికి ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని కోటప్పకొండ తీసుకెళ్లేవారు. 2013లో శుక్లాల ఆపరేషను అయ్యాక ఆయన స్టీరింగు ముట్టలేదు. అదే ఏడాది రిజిస్ట్రేషను గడువు కూడా ముగిసింది. అప్పటి నుంచి కారు ఇంటి పక్కన రేకుల షెడ్డులో, టార్పాలిను కింద ఉంది. 2022లో ఆయన కన్నుమూశారు. వీలునామా లేదు.

అన్నయ్య హైదరాబాదులో స్థిరపడ్డారు. ఇంటిని అపార్టుమెంటు కట్టడానికి బిల్డరుకు ఇచ్చే మాటలు నడుస్తున్నాయి. సంక్రాంతికి వచ్చి ఖాయం చేస్తానని, ఆలోగా ‘ఆ పాత ఇనుము’ తీసేయమని ఆయన పదేపదే ఫోను చేస్తున్నారు. పదిహేనేళ్లు దాటిన కారు రోడ్డెక్కకూడదని చట్టం ఉందంటున్నారు. పాత ఇనుము వ్యాపారి 22 వేలు ఇస్తానన్నాడు. పాత కార్లు సేకరించే ఒకాయన ఫొటోలు చూసి 70 వేలు అన్నారు.

ఈమెకు అమ్మాలని లేదు. ఇంజనీరింగు చదివే కొడుకుతో కలిసి కారు బాగు చేయించి, వచ్చే శివరాత్రికి అమ్మను అందులోనే కోటప్పకొండ తీసుకెళ్లాలని ఆశ. ఒక మెకానిక్ చూసి మూడున్నర లక్షలు, రెండు నెలలు అన్నాడు. 40 వేలు అడ్వాన్సు తీసుకున్నాడు. శుభ్రం చేసి తెస్తానని కార్బురేటరు, సెల్ఫు మోటారు విప్పి పట్టుకెళ్లాడు. ఐదు నెలలైంది, ఇప్పుడు ఫోను ఎత్తడం లేదు. ఆ డబ్బుతో వాడిన కారు మంచిదే వస్తుందని భర్త అంటున్నారు. వింటేజ్ కింద నమోదు చేయిస్తే ఏ గొడవా ఉండదని కొడుకు స్నేహితుడి సలహా.

చివరి పేజీలో రెండు సంగతులు ఉన్నాయి. ప్రతి శుక్రవారం అమ్మ టార్పాలిను ఎత్తి, డాష్‌బోర్డు మీది వెంకటేశ్వరస్వామి బొమ్మ దగ్గర ఒక పువ్వు పెట్టి వస్తారట. 1990లో, పందొమ్మిదేళ్ల వయసులో, అన్నయ్య చెప్పకుండా కారు తీసుకెళ్లి మంగళగిరి దగ్గర కల్వర్టు గోడకు కొట్టారట. ఎవరికీ దెబ్బ తగల్లేదు. నాన్నగారు ఎడమ మడ్‌గార్డు బాగు చేయించారు కానీ, మళ్లీ ఎన్నడూ కొడుక్కి తాళం ఇవ్వలేదు.

‘నేను చేస్తున్నది పిచ్చిపనా? ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి?’ అని ఆమె అడుగుతున్నారు.

జవాబు:

పిచ్చిపని కాదు. నేను డ్రైవింగు నేర్చుకున్నది స్టీరింగు పక్కన గేరుండే ఫియట్ మీదే. రెండో గేరు పడేటప్పుడు చేతికి తెలిసే ఆ చిన్న కుదుపు నాకింకా గుర్తుంది. అందుకని మీ వైపు నా మనసు కొంత మొగ్గుతోంది. ఆ సంగతి ముందే చెప్పి, లెక్క మాత్రం లెక్కగానే చూస్తాను.

మొదట అన్నయ్యగారి మాట సంగతి. పదిహేనేళ్లు దాటిన పెట్రోలు కార్ల మీద వచ్చిన నిషేధం ఢిల్లీ, దాని చుట్టుపక్కల రాజధాని ప్రాంతానికి సంబంధించినది. పత్రికల్లో, టీవీల్లో ఆ వార్త పదేపదే రావడంతో దేశమంతటా అదే చట్టమని చాలామంది అనుకుంటున్నారు. మన రాష్ట్రంలో సొంత కారు రిజిస్ట్రేషను మొదట పదిహేనేళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత బండిని తనిఖీకి చూపించి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవచ్చు. మీ నాన్నగారు 2013 వరకు చేసింది అదే కదా. అన్నయ్యగారు అబద్ధం ఆడలేదు, వేరే ఊరి చట్టం చెప్పారు. ఫోనులో వాదించకుండా ఈ సంగతి మెల్లగా చెప్పండి.

కొడుకు స్నేహితుడి సలహా కూడా మీకు పనికిరాదు. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బండినే వింటేజ్‌గా నమోదు చేస్తారు. మీ కారుకు ఆ వయసు 2033లో వస్తుంది. అప్పుడు చేయించుకున్నా రోజువారీ తిరగడానికి అనుమతి ఉండదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతులకు మాత్రమే బయటికి తీయాలి. అమ్మను గుడికి తీసుకెళ్లాలనుకునే మీకు మామూలు రెన్యువలే దారి.

ఆ దారిలో ఖర్చుంది. మెకానిక్ చెప్పిన మూడున్నర లక్షల్లో ఇది కలిసి ఉండదు. 2025 ఆగస్టులో పెంచిన తర్వాత, ఇరవై ఏళ్లు దాటిన కారు రెన్యువల్‌కు రుసుము 10 వేలు. హరిత పన్ను వేరు. గడువు దాటిన ప్రతి నెలకూ 500 రూపాయల అదనపు రుసుము ఉంది. మీ గడువు పోయింది 2013లో. మీరు లెక్కల టీచరు కనుక ఇక్కడ ఒక్క క్షణం ఆగి చూడండి: పన్నెండేళ్లంటే 144 నెలలు, 72 వేలు. ఈ అదనపు రుసుము ఇప్పటి రూపంలో అమలుకు వచ్చింది 2022 ఏప్రిల్ నుంచి. అక్కడి నుంచే లెక్క కడితే మొత్తం సగానికి పైగా తగ్గిపోతుంది. కాబట్టి మడ్‌గార్డుకు ఏ రంగు వేయాలో ఆలోచించే ముందు ఆర్‌సీ పుస్తకం పట్టుకుని రవాణా కార్యాలయానికి వెళ్లండి. రెండు ప్రశ్నలు అడగండి. ఈ పాత నంబరు కంప్యూటరు రికార్డులోకి ఎక్కిందా? ఆలస్య రుసుము ఏ తేదీ నుంచి కడతారు? జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. బ్రోకరు నోటిమాట మీద ఒక్క రూపాయి కూడా కదపవద్దు.

అదే కౌంటరులో ఇంకో పని ఉంది. కారు ఇప్పటికీ నాన్నగారి పేరు మీదే ఉంది. యజమాని పోయిన 30 రోజుల్లో కార్యాలయానికి తెలియజేసి, మూడు నెలల్లో ఫారం 31తో పేరు మార్పుకు దరఖాస్తు చేయాలని నిబంధన. మీకు ఆ గడువు ఎప్పుడో దాటింది. దారి మూసుకుపోలేదు, ఆలస్యానికి జరిమానా కట్టాలి. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసుల అంగీకార పత్రం కావాలి. ఆ చివరి కాగితమే మీ ఉత్తరంలోని అసలు ముడి.

వీలునామా లేదన్నారు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆ కారులో అమ్మగారికి, అన్నయ్యగారికి, మీకు సమానంగా తలా మూడో వంతు ఉంటుంది. అన్నయ్యగారు ఒక్కరే దాన్ని ఇనుము వ్యాపారికి ఇచ్చేయలేరు. మీరు ఒక్కరే దాని మీద మూడున్నర లక్షలు పెట్టి, తర్వాత సంతకం అడగడమూ సరికాదు. ముందు డబ్బు పోసి తర్వాత సంతకం అడిగితే అది ఒత్తిడి అవుతుంది. సంతకం ముందు, ఖర్చు తర్వాత. ఈ ఒక్క క్రమం తప్పకుండా ఉంటే మీ ఇంట్లో గొడవ సగం తగ్గుతుంది.

మెకానిక్ పట్టుకెళ్లిన కార్బురేటరు, సెల్ఫు మోటారు ఈ వారంలోనే వెనక్కి రాబట్టండి. 40 వేల కంటే నాకు వాటి గురించే ఎక్కువ బెంగ. పద్మిని తయారీ ఆగిపోయి పాతికేళ్లు. బొంబాయిలో నలుపు పసుపు టాక్సీలుగా తిరిగినంత కాలం విడిభాగాలు పుష్కలంగా దొరికేవి. 2023 అక్టోబరుతో ఆ టాక్సీల కథ కూడా ముగిసింది. రబ్బరు సామాను, బేరింగుల వంటివి వెతికితే ఇప్పటికీ దొరుకుతాయి. మీ కారుకు పుట్టుకతో వచ్చిన కార్బురేటరు పోతే అలాంటిది మళ్లీ సంపాదించడం కష్టం. కొడుకునూ మరొక పెద్దమనిషినీ వెంట తీసుకుని ఆ మెకానిక్ షెడ్డుకు వెళ్లండి. గొంతు పెంచవద్దు. పని ఆపేస్తున్నామని, సామాను ఇచ్చేయమని, చేసిన పనికి న్యాయమైన కూలి మినహాయించుకుని మిగిలింది ఇమ్మని అడగండి. ఆ మనిషి మోసగాడో కాదో నాకు తెలియదు. చేతకాని పని ఒప్పుకుని ముఖం చాటేసే వాళ్లు కూడా ఉంటారు. ఇవ్వకపోతే డబ్బు పంపిన ఫోను రికార్డు, మెసేజీలు జతచేసి నోటీసు ఇవ్వండి. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపు ఉంటే అక్కడ ఫిర్యాదుకు రుసుము లేదు.

ఇక కారు సంగతి. ఇనుము ఎంత మిగిలిందో తెలియకుండా బాగు చేయించాలా వద్దా అని తేల్చలేం. అది మీరూ మీ అబ్బాయీ ఒక ఆదివారం ఉదయం తెలుసుకోవచ్చు. మెకానిక్ అక్కరలేదు.

టార్పాలిను పూర్తిగా తీసేయండి. ఫ్రిజ్ తలుపుకు అంటించే అయస్కాంతం ఒకటి, పాత స్క్రూడ్రైవరు ఒకటి, టార్చిలైటు ఒకటి తీసుకోండి. అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి తలుపుల కింది అంచు వెంట మెల్లగా జరపండి. రేకు ఉన్నచోట పట్టుకుంటుంది. జారి కింద పడిందంటే అక్కడ రంగు కింద ఉన్నది పుట్టీ. తర్వాత లోపలి మ్యాట్లు ఎత్తండి. డ్రైవరు కాళ్ల దగ్గర, వెనక సీటు కింద, డిక్కీలో స్టెపినీ ఉండే గుంతలో స్క్రూడ్రైవరు మొనతో నొక్కండి. టంగుమని శబ్దం వస్తే పైపై తుప్పే. బిస్కెట్టులా పొడిపొడిగా రాలి మొన కిందికి దిగిపోతే లెక్క మారిపోతుంది. ఫియట్‌కు విడిగా ఛాసిస్ (బరువు మోసే కింది చట్రం) ఉండదు, బాడీయే ఛాసిస్. జాకీ పెట్టే చోటు, ముందు చక్రాల సస్పెన్షను బిగించే చోటు కుళ్లిపోతే ఇంజను ఎంత బాగున్నా ఆ కారులో మనుషులు కూర్చోకూడదు. ఆ భాగాలు కోసి కొత్త రేకు అతికే టింకరింగు మేస్త్రి దొరకాలి. ఖర్చు చేయి దాటిపోయేది కూడా అక్కడే. నేల గట్టిగా ఉంటే మిగతాదంతా ఓపికతో అయ్యే పని.

మీరు చేయకూడనిది ఒకటి చెబుతాను. కొత్త బ్యాటరీ తెచ్చి తాళం తిప్పి ‘స్టార్టవుతుందేమో చూద్దాం’ అని ఎవరైనా అంటే ఆపండి. ఇన్నేళ్లు ఆగిన ఇంజను లోపల పిస్టను రింగులు సిలిండరు గోడకు పట్టుకుపోయి ఉంటాయి. బలవంతంగా తిప్పితే విరుగుతాయి. నాలుగు స్పార్కు ప్లగ్గులూ విప్పి, ఒక్కో రంధ్రంలో రెండు మూడు చెంచాల ఇంజను ఆయిలు, కొద్దిగా డీజిలు కలిపి పోసి మూడు రోజులు వదిలేయాలి. తర్వాత గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఇంజను ముందున్న క్రాంకు పుల్లీ (ఇంజనుతో పాటు తిరిగే చక్రం) బోల్టుకు స్పానరు వేసి చేత్తో మెల్లగా తిప్పాలి. కదలకపోతే మళ్లీ ఆయిలు, మళ్లీ మూడు రోజులు. ఒక్కసారి ఆ పుల్లీ బరువుగా, జిగురులోంచి వస్తున్నట్టు కదిలి, రెండు చుట్లు పూర్తిగా తిరిగిందంటే ఇంజను ప్రాణంతో ఉందని అర్థం. అప్పుడు పాత ఆయిలు దించి కొత్తది పోసి, ఫిల్టరు మార్చాలి. ప్లగ్గులు లేకుండానే సెల్ఫు కొట్టి ఆయిలు పైదాకా ఎక్కించాలి. ఆ తర్వాతే ప్లగ్గులు.

ట్యాంకులో మిగిలిన పెట్రోలు ఈపాటికి బంకగా మారి, వార్నిష్ వాసన కొడుతుంది. దాన్ని ఇంజనుకు ఇవ్వవద్దు. మొదటిసారి స్టార్టు చేసేటప్పుడు సీసాలోంచి సన్నటి గొట్టంతో తాజా పెట్రోలు ఇస్తారు, తెలిసిన మెకానిక్ అదే చేస్తాడు. ట్యాంకు దించి లోపల తుప్పు కడిగించాలి. పెట్రోలు గొట్టాలు, ఏసీ పంపులోని (ట్యాంకు నుంచి పెట్రోలు లాగే పంపు) పొర, కార్బురేటరు వాషర్లు మార్చేటప్పుడు ఇథనాలును తట్టుకునే రకమే అడగండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాలు కలిసిన పెట్రోలు. 1983 నాటి రబ్బరు దానికి తయారైంది కాదు. ఉబ్బి, పగిలి, వేడి ఇంజను మీద పెట్రోలు కారే ప్రమాదం ఉంది. ఎలుకలు కొరికిన వైర్లు చూడకుండా బ్యాటరీ తగిలించవద్దు. పక్కనే మంటలార్పే సిలిండరు పెట్టుకోండి.

ఇంత చెప్పినా, ఇంజను రెండో పని. మొదటిది బ్రేకులు. చాలామంది ఇంజను మోగగానే ఆనందంలో గేటు దాటి వీధిలో ఒక చుట్టు కొడతారు. పన్నెండేళ్లు కదలని కారులో, చక్రాల దగ్గర బ్రేకును నొక్కే వీల్ సిలిండర్లు బిగుసుకుపోయి ఉంటాయి. బ్రేకు గొట్టాలు పైకి బాగానే కనబడినా లోపల ఉబ్బి మూసుకుపోయి ఉంటాయి. పెడలు గట్టిగానే తగులుతుంది, బండి ఆగదు. మాస్టరు సిలిండరు, నాలుగు చక్రాల సిలిండర్లు, గొట్టాలు, రబ్బరు కప్పులు, బ్రేకు ఆయిలు అన్నీ మార్చాక మాత్రమే కారు తన బలం మీద కదలాలి. టైర్లు కూడా అంతే. గాళ్లు లోతుగా ఉన్నాయని మురిసిపోకండి. పక్కగోడలు పగిలిన పాత టైరు వేడెక్కితే పేలిపోతుంది. షెడ్డు నుంచి మెకానిక్ దగ్గరికి తాడు కట్టి లాగించవద్దు. చిన్న లారీ మీద ఎక్కించి పంపండి.

మెకానిక్‌ను ఎంచుకునేటప్పుడు వయసు చూడండి. కార్బురేటరు ట్యూనింగు చెవితో చేసిన తరం ఇప్పుడు అరవై దాటింది. గుంటూరులో దొరకకపోతే విజయవాడ ఆటోనగర్‌లో వెతకండి. అక్కడ లారీల పని చేసే వీధుల వెనక, ఫియట్లూ అంబాసిడర్లూ చూసి పెరిగిన పాత మేస్త్రులను విచారిస్తే దొరుకుతారు. ఒక్కరికే మొత్తం పని అప్పగించి మొత్తం డబ్బు ఇవ్వవద్దు. బ్రేకుల పనికి ఒక అంచనా, అది పూర్తయ్యాక డబ్బు. తర్వాత ఇంజను, తర్వాత వైరింగు. విప్పిన ప్రతి ముక్కనూ మీ అబ్బాయి ఫొటో తీసి, డబ్బాలో వేసి, చీటీ అంటించాలి.

ఎక్కడ ఆపాలి అన్నారు. ‘బాగు చేయించడం’ అనే ఒక్క మాటతో మీరు రెండు వేర్వేరు పనులు చెబుతున్నారు. ఒకటి, కారు భద్రంగా నడిచి, ఆగి, తనిఖీలో నెగ్గడం. ఇంకొకటి, 1983లో షోరూము నుంచి వచ్చినట్టు చేయడం: కొత్త రంగు, కొత్త క్రోము, కొత్త సీట్లు. మెకానిక్ చెప్పిన మూడున్నర లక్షల్లో ఎంత మొదటిదానికో, ఎంత రెండోదానికో మీకు చెప్పలేదు, మీరూ అడగలేదు. విడదీసి అడగండి. నేల గట్టిగా ఉంటే మొదటి పని చాలా తక్కువలో అవుతుందని నా నమ్మకం. రంగు వెలిసిన కారు కూడా రిజిస్ట్రేషనుకు పనికొస్తుంది. అక్కడ ఒక ఏడాది ఆగి, నడిపి చూసి, అప్పటికీ మనసుంటే రెండో పనికి వెళ్లండి. మీ భర్తగారి అభ్యంతరానికి ఇదే సరైన జవాబు. ఆ డబ్బుకు వాడిన కారు వస్తుందన్నది నిజమే, ప్రయాణ సాధనంగా అదే మేలు కూడా. మీరు కోరుకుంటున్నది వేరు. అలాంటప్పుడు ఇంటి ఖర్చులో చేయి పెట్టకుండా, ముందే ఒక అంకె ఇద్దరూ కలిసి రాసుకోండి. అది దాటితే ఆపేస్తానని మాట ఇవ్వండి.

కాగితాలు పూర్తి కాకుండా కారును వీధిలోకి తీయవద్దు. రిజిస్ట్రేషను, థర్డ్ పార్టీ బీమా లేని బండి ఎవరినైనా తాకితే పరిహారమంతా మీ మీద పడుతుంది. బ్రేకు ఇన్‌స్పెక్టరు ముందుకు కూడా లారీ మీదే తీసుకెళ్లండి.

శివరాత్రి సంగతి చెప్పాలి. మీకు ఇష్టం లేకపోయినా చెబుతున్నాను: ఈ శివరాత్రికి వద్దు. పేరు మార్పు, రెన్యువల్, బ్రేకులు, ఇంజను, అన్నీ సంక్రాంతి నుంచి నెల రోజుల్లో కావు. ఆ తొందరలోనే ఏదో ఒకటి వదిలేస్తారు, వదిలేసేది బ్రేకులే అవుతుంది. పైగా ఆ రోజు కోటప్పకొండ అంటే తెలియనిది కాదు. ప్రభలు, ట్రాక్టర్లు, నరసరావుపేట దాటాక గంటల తరబడి మొదటి గేరులో పాకడం. పాత రేడియేటరు మరిగి ఆగిపోతుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు డ్రమ్ము బ్రేకులు వేడెక్కి పట్టు వదులుతాయి. వెనక సీటులో అమ్మగారు ఉంటారు. శివరాత్రికి మామూలు కారులో వెళ్లి రండి. ఫియట్ సిద్ధమయ్యాక, రద్దీ లేని ఒక సోమవారం తెల్లవారుజామున బయలుదేరండి. కొండ కింద కారు ఆపి పైకి వేరే వాహనంలో వెళ్లినా స్వామి దర్శనం అవుతుంది.

అమ్మేయడం తప్పు కాదని కూడా చెప్పాలి. నేల కుళ్లిపోయిందని తేలినా, కారు ఉంచుకోవడానికి అన్నయ్యగారు సంతకం పెట్టనని గట్టిగా అన్నా, ఆలస్య రుసుము భరించలేనంత వచ్చినా, సేకరించే ఆయనకు ఇవ్వడం గౌరవమైన దారి. ముందు పేరు మార్పించుకుని, కొన్న వెంటనే ఆయన పేరుకు మారేలా చూడండి. తుక్కుకు ఇవ్వాల్సి వస్తే ప్రభుత్వ గుర్తింపు ఉన్న తుక్కు కేంద్రానికే ఇవ్వండి. అక్కడ ఇచ్చే డిపాజిట్ సర్టిఫికెట్‌తో కొత్త కారు పన్నులో రాయితీ ఉంటుంది, రిజిస్ట్రేషనూ పద్ధతిగా రద్దవుతుంది. 22 వేల ఇనుము వ్యాపారికి ఇస్తే డబ్బు చేతికొస్తుంది, నంబరు మాత్రం నాన్నగారి పేరు మీదే ఎక్కడో బతికి ఉంటుంది. ఇంటిని బిల్డరుకు ఇచ్చేటట్టయితే, కారు ఉన్నా లేకున్నా, ఒప్పందంలో పార్కింగు చోటు రాయించుకోవడం మరవకండి. నిర్మాణం జరిగే రెండు మూడేళ్లు కారు ఎక్కడ ఉంటుందో కూడా ఇప్పుడే చూడాలి. వానలో వదిలేసేటట్టయితే అమ్మడమే నయం.

మీ ఆరు పేజీలు రెండుసార్లు చదివాను. అన్నయ్య ఏమన్నారో, భర్త ఏమన్నారో, మెకానిక్ ఏమన్నాడో, కొడుకు స్నేహితుడు ఏమన్నాడో ఉంది. అమ్మగారు ఏమన్నారో లేదు. మూడో వంతు ఆవిడది. ఆ పువ్వు చూసి ఆవిడకు కారు కావాలని మీరు అనుకున్నారు. అదే నిజం కావచ్చు. ఆవిడకు ఆ బొమ్మ చాలేమో, కారు పోయినా బొమ్మ పూజ గదిలోకి వస్తే తృప్తేమో. ఈ వయసులో మోకాళ్లు వంచి ఆ సీటులో కూర్చోలేనని చెప్పడానికి మొహమాటపడుతున్నారేమో. వచ్చే శుక్రవారం ఆవిడ టార్పాలిను ఎత్తేటప్పుడు పక్కన నిలబడండి. ‘అమ్మా, దీన్ని ఏం చేద్దాం?’ అని అడిగి, జవాబు వచ్చేదాకా మాట్లాడకుండా ఉండండి.

అన్నయ్యగారి విషయంలో నేను తొందరపడి తీర్పు చెప్పను. ఇంటి పని మీద ఉన్న మనిషికి షెడ్డు ఖాళీ కావాలి, అంతే కావచ్చు. అయినా పందొమ్మిదేళ్ల కుర్రాడు కల్వర్టుకు కొట్టిన కారు, మళ్లీ తాళం ఇవ్వని తండ్రి, ముప్పై అయిదేళ్ల తర్వాత ‘పాత ఇనుము’ అన్న మాట, ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడకుండా ఉండలేకపోయాను. మీకు ఆ కారు కోటప్పకొండ ప్రయాణం. ఆయనకు అదే కారు నాన్న నమ్మకం పోయిన రోజు కావచ్చు. ఆ సంగతి మీరు ఎత్తి పొడవవద్దు, ఓదార్చనూ వద్దు. సంక్రాంతికి వచ్చినప్పుడు సంతకాల మాట ఎత్తే ముందు, కనుమ మర్నాడు ఉదయం షెడ్డులోకి రమ్మనండి. అప్పటికి ప్లగ్గులు విప్పి ఆయిలు పోసి మూడు రోజులై ఉండాలి. స్పానరు ఆయన చేతికివ్వండి. పుల్లీ తిరుగుతుందో లేదో ఆయననే చూడమనండి.

తిరిగితే, ఎప్పటికైనా రంగు వేయించే రోజు వస్తే, ఎడమ మడ్‌గార్డు మీద తేడాగా ఉన్న ఆ పాత అతుకు ఉంచాలా తీసేయాలా అన్నది ఆయన్ని అడిగాకే మేస్త్రికి చెప్పండి.